వకాల్తా లేని క్లయింటు

"మేనమామకే కదమ్మా చెప్పాను! దారినపోయే వాడికి చెప్పానా?"

దక్షిణామూర్తిగారు ఆ మాట అనడం అది మూడోసారి. మొదటిసారి ధీమాగా అన్నారు. రెండోసారి విసుక్కుంటూ అన్నారు. ఈసారి మాత్రం కోడలి ముఖం చూడకుండా అన్నారు. ఆయన ముందు కంచంలో కలిపిన పులుసన్నం కలిపినట్టే ఉంది.

ఎదురుగా కోడలు ఇందుమతి నిలబడి ఉంది. కోర్టులో జడ్జిగారి ముందు కూడా ఆమె ఎన్నడూ అంత బిగుసుకుపోయి నిలబడలేదు.

"ఎప్పుడు చెప్పారు మావయ్యగారూ?"

"పొద్దున్నే. నువ్వు స్నానానికెళ్లినప్పుడు ఫోన్ చేశాను."

"ఏమని చెప్పారు? ఒక్క మాట కూడా వదలకుండా చెప్పండి."

"ఏంటమ్మాయ్, నన్నే క్రాస్ చేస్తున్నావా?"

"చేస్తున్నాను."

వంటింటి గుమ్మంలో అత్తగారు కనకలక్ష్మి మజ్జిగ గిన్నె పట్టుకుని నిలబడిపోయింది. మామాకోడళ్లు వాదించుకోవడం ఆ ఇంట్లో కొత్తేం కాదు. భోజనాల దగ్గర సెక్షన్లు విసురుకోవడం, ఆమె ఇద్దరినీ కసిరి పెరుగు వడ్డించడం రోజూ ఉండేదే. ఇవాళ కసరడానికి ఆమెకి నోరు రాలేదు.

దక్షిణామూర్తిగారు తెనాలి బార్లో నలభై ఏళ్లు ప్రాక్టీసు చేసిన మనిషి. ఇందుమతి మొదట ఆయన జూనియరు, ఆ తర్వాతే కోడలు. కొడుకు ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటాడు కానీ ఆయనకి కొడుకు దగ్గర లేని చనువు ఈ పిల్ల దగ్గరే ఉంది. అలాంటి పిల్ల ఇవాళ తనని ముద్దాయిని చూసినట్టు చూస్తుంటే ఆయనకి మింగుడు పడలేదు.

"ఏముంది! 'విజయసారథిగారూ, మీ మేనకోడలు శరణ్య కాపురం సరిగ్గా లేదటండి. మొగుడు చెయ్యి చేసుకుంటున్నాడట, మొన్న గొంతు కూడా పట్టుకున్నాడట. మా కోడలు లాయరు కదా, ఆవిడకి కంప్యూటర్లో రాసుకుని ఏడుస్తోంది. వ్యవహారం కోర్టుదాకా వెళ్లేట్టుంది. తండ్రిలేని పిల్ల, మేనమామగా మీరే పూనుకోవాలి' అన్నాను. అందులో తప్పేముంది? వాళ్ల నాన్న సంజీవరావు, నేను బాపట్లలో ఒకే బెంచీ మీద కూచుని చదువుకున్నవాళ్లం. ఆ పిల్ల పేరు నీ నోటివెంట విన్నాక నిద్ర పట్టలేదు నాకు."

"దానికాయన ఏమన్నాడు?"

"ఎంత మర్యాదగా మాట్లాడాడనుకున్నావ్! 'మంచిమాట చెవిన వేశారు, ఇక నేను చూసుకుంటాను' అన్నాడు."

ఇందుమతి కుర్చీలో కూలబడింది.

"పిల్ల మొగుడెవరని మీరు నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ మొగుడి పేరు భరద్వాజ. విజయసారథిగారి సొంత కొడుకు."

మజ్జిగ గిన్నె గుమ్మం మీదే పెట్టేసింది కనకలక్ష్మి. "అయ్యో రాత! మేనరికమా?"

మేనరికమే. సంజీవరావు పోయినప్పుడు, పిల్ల పెళ్లి ఏడాది లోపు చెయ్యకపోతే మళ్లీ ఆగాల్సి వస్తుందని రేపల్లెలో గుళ్లో నలుగురి మధ్య అయిందనిపించారు. శుభలేఖలు వెయ్యలేదు, ఎవరినీ పిలవలేదు. తెనాలి దాకా ఆ కబురే రాలేదు. దక్షిణామూర్తిగారి తలలో విజయసారథి ఇంకా శరణ్యకి మేనమామగానే ఉన్నాడు కానీ మామగారు కాలేదు.

ఆడపిల్లకి కష్టం వస్తే ముందుగా కబురు వెళ్లేది మేనమామకే. బుట్టలో కూచోబెట్టి పెళ్లిపీటల దాకా మోసుకొచ్చేవాడు, ఆ తర్వాత తేడా వస్తే అల్లుడి చొక్కా పట్టుకుని అడిగేవాడు అతనే. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన ఎవరైనా ఆ ఫోనే చేసి ఉండేవాళ్లు. కంచే చేను మేసే చోట కాపలాకి ఎవరిని పిలుస్తావని ఆయనకి ఎవరూ చెప్పలేదు, పాపం.

పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటూ తిరుగుతోంది.

"నేను మీ దగ్గర చేరిన మొదటిరోజు ఏం చెప్పారు మీరు?" ఇందుమతి గొంతు తగ్గించి అడిగింది. "క్లయింటు చెప్పింది ఆఫీసు గది దాటకూడదు, కట్టుకున్నవాళ్లకి కూడా చెప్పకూడదు అన్నారు. అత్తయ్యగారికి మీరు నలభై ఏళ్లలో ఒక్క కేసు సంగతి చెప్పలేదు. మీరేనా ఈ పని చేసింది?"

"అది క్లయింటు మాట." ఆయనకి దొరికిన కొమ్మ అదొక్కటే, గట్టిగా పట్టుకున్నారు. "ఈ పిల్ల క్లయింటెట్లా అవుతుంది? వకాల్తా మీద సంతకం పెట్టిందా? మన గడప తొక్కిందా? తెరమీద నాలుగు ముక్కలు రాసింది. అలా రాసిన ప్రతివాళ్లూ క్లయింటే అంటే ఇక వృత్తికి ఒక పద్ధతేముంది?"

"గడప తొక్కగలిగిన మనిషైతే నాకు తెరమీద ఎందుకు రాస్తుంది మావయ్యగారూ? గడప దాటలేని వాళ్ల కోసమేగా ఆ పేజీ పెట్టింది!"

ఆయన కంచం పక్కకి జరిపారు.

గృహహింస చట్టం వచ్చి రెండేళ్లయినా, దాన్ని వాడుకోవాల్సిన ఆడవాళ్లు లాయరు ఇంటికి రావడం లేదు. బజారులో లాయరు బోర్డు కింద నిలబడితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. అందుకని ఇందుమతి, గుంటూరులో తనతో చదువుకున్న ఇద్దరు స్నేహితురాళ్లు కలిసి ఇంటర్నెట్లో ఒక పేజీ తెరిచారు. పేరు చెప్పక్కర్లేదు, సందేహం రాస్తే చాలు. 'దెబ్బల గుర్తులు కనిపించకపోతే కేసు నిలుస్తుందా?' అన్న ఒక్క ప్రశ్నతో వచ్చింది శరణ్య.

ఆమె మామగారు విజయసారథి రేపల్లెలో పేరున్న సిద్ధాంతి. దూరదేశాల నుంచి జాతకాలు చూడమని ఆయనకి ఈమెయిళ్లు వస్తాయి. ఆయనకి కంప్యూటరు తెలియదు కాబట్టి కోడలిని నెట్ సెంటరుకి పంపిస్తాడు. శరణ్య ఇల్లు దాటేది ఆ పనిమీద మాత్రమే. గ్రహాల లెక్కలు పంపేసి, మిగిలిన కాసేపట్లో ఇందుమతికి రాసుకునేది. సోమవారం పుట్టింటి ఊరైన బాపట్ల వచ్చి కోర్టులో పిటిషను వెయ్యడానికి చివరికి ధైర్యం చేసింది. ఇవాళ శనివారం. మూడింటికి నెట్ సెంటరుకి వస్తానంది.

"రేపల్లె ఫోన్ చేసి పిల్లతో మాట్లాడితే?" కనకలక్ష్మి నెమ్మదిగా అడిగింది.

"ఫోను సిద్ధాంతిగారి పక్కనే ఉంటుంది అత్తయ్యా."

"పోలీసుల్ని పంపిస్తే?"

"జీపు వెళ్లి గుమ్మంలో ఆగితే, ఆ పిల్ల మొగుడి పక్కన నిలబడి అంతా బాగానే ఉందండి అంటుంది. జీపు వెళ్లిపోయాక దాని గతేంటి?"

"అయితే ఇద్దరూ లేవండి. మీ లా పాయింట్లు తర్వాత చెప్పుకుందురుగాని, ముందు ఆ పిల్ల సంగతి చూడండి," అంది కనకలక్ష్మి. నలభై ఏళ్లుగా కేసులేవీ తెలియకుండా బతికిన మనిషి ఆ ఒక్క మాటతో ఇద్దరినీ లేపింది.

ఇందుమతి ఆఫీసు గదిలోకి పరుగెత్తి కంప్యూటరు ఆన్ చేసింది. తెర వెలిగింది, గుండ్రంగా ఏదో తిరిగింది, అంతే. ఫ్యానుతో సహా అన్నీ ఆగిపోయాయి. కరెంటు పోయింది.

"ఇవాళే పోవాలా ఈ దిక్కుమాలిన కరెంటు!"

చెప్పులు వేసుకుని వీధిలో పడింది. బోసు రోడ్డు మీద ఎండ నిప్పులు చెరుగుతోంది. రిక్షా కోసం కూడా ఆగలేదు. వెనక నుంచి "ఇందూ, ఆగమ్మా!" అని పిలుపు వినిపించింది. చూస్తే దక్షిణామూర్తిగారు. గొడుగు చేతిలోనే ఉంది, తెరవడం మరిచిపోయారు. ఎంగిలి చెయ్యి సరిగ్గా కడుక్కున్నారో లేదో కూడా తెలియదు. కోర్టుకి వెళ్లేటప్పుడు కోటు మీద మడత పడితే ఒప్పుకోని మనిషి అలా పరుగెత్తుకు రావడం చూస్తే ఆమెకి కోపం సగం చల్లారింది, మిగతా సగం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తెనాలి నెట్ సెంటరు మేడమీద ఉంది. కింద జనరేటరు రొద పెడుతోంది. ఓనరు నాగమల్లేశ్వరరావు లాయరమ్మని చూసి లేచి నిలబడ్డాడు.

"రండి మేడమ్. ఏంటి, సార్ కూడా వచ్చారు! కూచోండి సార్. చివరి క్యాబిన్ ఖాళీగా ఉందండి."

క్యాబిన్ అంటే మూడు వైపులా చెక్కపలకలు, ఒక స్టూలు. ఇందుమతి పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారికి చాట్ కిటికీ తెరుచుకుంది. పేర్ల వరుసలో శరణ్య పేరు చీకటిగా ఉంది.

ఎదురుచూడటమంటే ఇందుమతికి మొదటినుంచీ పడదు. వాయిదా పడితే కోర్టు వరండాలో అటూ ఇటూ తిరిగే అలవాటు. ఇక్కడ తిరగడానికి చోటు లేదు. గోళ్లు కొరికింది. పక్క క్యాబిన్లో ఎవరో పాట పెడితే లేచి వెళ్లి ఆపమంది. మళ్లీ వచ్చి కూచుంది. వాడు గొంతు పట్టుకున్నాడని శరణ్య రాసిన రోజు నుంచీ ఆమెకి లోపల ఒకటే భయం. చెంపమీద కొట్టేవాడి సంగతి వేరు, గొంతు మీద చెయ్యి వేసేవాడి సంగతి వేరు. ఆ చెయ్యి ఎప్పుడు బిగుస్తుందో వాడికే తెలియదు.

శరణ్య పేరు వెలిగింది.

"వచ్చింది!" అంది ఇందుమతి. చెక్కపలక అవతల దక్షిణామూర్తిగారు లేచి నిలబడ్డారు.

రాసే ముందు ఆమె ఎప్పుడూ అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. పక్కన ఎవరున్నారు, ఎంతసేపు ఉండగలవు, తలుపు నీకు కనిపిస్తోందా అని అడుగుతుంది. ఆ జవాబులు వచ్చాకే అసలు మాట మొదలు పెట్టేది. ఆ పద్ధతి స్నేహితురాళ్లకి నేర్పింది కూడా ఆమే. ఇవాళ వేళ్లు ఆమె మాట వినలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు గబగబా పరుగెత్తింది.

'శరణ్యా, ఇంటికి వెళ్లొద్దు. మీ మావయ్యకి అంతా తెలిసిపోయింది. తప్పు మావైపే జరిగింది, క్షమించు.'

అవతల కాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఒక్క ముక్క వచ్చింది.

'ఏం తెలిసింది?'

'నువ్వు నాకు రాస్తున్న సంగతి. సోమవారం కోర్టు సంగతి.'

'ఇప్పుడు నేనేం చెయ్యాలి మేడమ్?'

'సోమవారం దాకా ఆగడానికి లేదు. అటునుంచి అటే బాపట్ల బస్సెక్కు. అమ్మ దగ్గరికి మాత్రం వెళ్లకు. నీకోసం ముందు అక్కడికే వస్తారు.'

'మరి ఎక్కడికి వెళ్లను?'

ఇందుమతి వేళ్లు ఆగాయి.

బాపట్లలో అంకమ్మ అని ఒకావిడ ఉంది. బట్టలు కుట్టుకుని బతుకుతుంది. ఒకప్పుడు ఆమె కేసు వాదించింది ఇందుమతే. కత్తిపీటతో వెంటపడిన మొగుడి నుంచి విడిపించాక, 'నాలాంటి వాళ్లుంటే పంపించండమ్మా, నాలుగు రోజులు పెట్టుకుంటాను' అంది అంకమ్మ. అలా వెళ్లి తలదాచుకున్న వాళ్లున్నారు. ఆ పాత మొగుడికి ఎక్కడ తెలుస్తుందోనని ఆమె సెల్‌ఫోన్ కూడా పెట్టుకోలేదు. ఆ ఇంటి గుర్తులు ఎదురుగా కూచోబెట్టుకుని చెవిలో చెప్పాలే తప్ప ఎక్కడా రాయకూడదని ఇద్దరూ అనుకున్నారు.

"దొరికిందా?" దక్షిణామూర్తిగారు చెక్కపలక మీంచి తొంగిచూశారు.

"దొరికింది మావయ్యగారూ. ఇంకా ఇంటికి వెళ్లలేదు."

"హమ్మయ్య! అయితే ఒక పని చేస్తాను. ఆ విజయసారథికి ఫోన్ చేసి మాటల్లో పెడతాను. ముహూర్తం కావాలంటాను, పిల్లకి బుద్ధి చెప్పమంటాను, ఏదో ఒకటి. నేను వాయిదాలు లాగడం మొదలుపెడితే ఎవరి తరమూ కాదు. ఈలోపల పిల్ల బస్సెక్కేస్తుంది."

ఇందుమతికి నవ్వొచ్చింది. పొద్దుటినుంచీ అదే మొదటి నవ్వు. "చెయ్యండి," అంది.

ఆయన సెల్‌ఫోన్ చెవికి ఆనించుకుని మెట్ల దగ్గరికి వెళ్లారు. ఇందుమతి తెర వైపు తిరిగింది. వేరే దారేముంది? పిల్ల నడివీధిలో నిలబడి అడుగుతోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయినా, ఈ ఆకైనా దొరికింది.

'అంకమ్మగారని ఉంటారు. స్టేషను వెనక రేకుల ఇల్లు, బయట కుట్టుమిషను బొమ్మ ఉంటుంది. లాయరు ఇందుమతి పంపిందని చెప్పు, ఇంకేం అడగరు. నేను సాయంత్రం బండికి వస్తాను.'

'స్టేషనుకి ఏ వైపు?'

'కాలువ వైపు. చింతచెట్టు దాటాక రెండో ఇల్లు.'

'సరే మేడమ్.' కాసేపాగి మళ్లీ వచ్చింది. 'ఆ ఇంట్లో మగవాళ్లెవరైనా ఉంటారా?'

ఆ ప్రశ్న చూసి ఇందుమతికి కళ్లు చెమర్చాయి. ఎంత బెదిరిపోయిందో పిల్ల! మగవాడు ఉన్న ఇల్లంటేనే భయం పట్టుకుంది. ఇన్నాళ్లూ చట్టం చెప్పింది, సెక్షన్లు చెప్పింది. అవన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్క మాటా ఒక ఎత్తు అనిపించింది.

'ఎవరూ ఉండరు. ఆవిడ ఒక్కతే ఉంటుంది. నిశ్చింతగా వెళ్లు తల్లీ' అని రాసి, మీట నొక్కేసింది.

వెనక అడుగుల చప్పుడైంది. దక్షిణామూర్తిగారు వచ్చి నిలబడ్డారు. ఫోను చెవి దగ్గర లేదు, అరచేతిలో పట్టుకుని ముందుకి చాపారు.

"ఇందూ, మాట్లాడు."

"ఎవరు? సిద్ధాంతిగారా? నేనెందుకు?"

"పిల్లకి నాలుగు మంచిమాటలు చెప్పండి సిద్ధాంతిగారూ అన్నాను. 'నేను చెప్పడమెందుకు, నా ఎదురుగానే ఉంది, మీరే చెప్పండి' అని ఇచ్చేశాడు." ఆయన గొంతు తగ్గించారు. "శరణ్య లైన్లో ఉంది."

ఇందుమతి ఫోను అందుకుంది.

"హలో."

"నమస్కారమండి. నేను శరణ్యనండి." సన్నటి గొంతు. మాటకి మాటకి మధ్య ఊపిరి తీసుకుంటోంది. "మావయ్య మాట్లాడమన్నారు. ఇక్కడ అంతా కులాసాగానే ఉందండి. నేనేదో తొందరపడి రాశాను. మీరేం పట్టించుకోకండి."

ఎన్నో వారాలుగా ఆ పిల్ల కష్టం తెలుసు, ఇంట్లో ఏ గది తలుపుకి గడియ లేదో కూడా తెలుసు. ఆ గొంతు మాత్రం ఇందుమతి ఇప్పటిదాకా వినలేదు.

"శరణ్యా, ఇప్పుడెక్కడున్నావమ్మా?"

"ఇంట్లోనే అండి. పూజగదిలో."

"ఇవాళ జాతకాలు పంపడానికి నెట్ సెంటరుకి వెళ్లలేదా?"

"లేదండి. పొద్దుట మీ దగ్గర్నుంచి ఫోనొచ్చాక నన్ను గడప దాటొద్దన్నారు." గొంతు ఇంకా చిన్నదైంది. "ఇక ఆ పని మా ఆయనే చూసుకుంటారటండి. పాస్‌వర్డు చెప్పమంటే చెప్పేశాను. చెప్పకపోతే..."

అవతల ఎవరో ఫోను లాక్కున్నారు. లైను తెగిపోయింది.

ఇందుమతి తెరవైపు చూసింది. అక్కడ కొత్తగా ఒక వాక్యం వచ్చి ఉంది.

'చాలా థాంక్స్ మేడమ్. బయల్దేరుతున్నాను.'

ఆమె చూస్తుండగానే శరణ్య పేరు ఆరిపోయింది.

దక్షిణామూర్తిగారు జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నారు. వంగి, తెరమీద రాతల్ని పైనుంచి కిందికి కూడబలుక్కుంటూ చదివారు. అంకమ్మ పేరు దగ్గర ఆగారు. రేకుల ఇల్లు దగ్గర ఆగారు. 'ఆవిడ ఒక్కతే ఉంటుంది' అన్న మాట దగ్గర చాలాసేపు ఆగారు.

ఆయన ఆమెని ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే ఆమెకి కాస్త తేలికగా ఉండేది.

"అమ్మాయ్," అన్నారు చివరికి. "పిల్ల ఇంట్లో ఉంటే, నువ్వు ఇంతసేపూ అంకమ్మ ఇంటికి దారి చెప్పింది ఎవరికి?"